తెల్ల పంచె, నల్ల బండ, నడుమ కెమెరా మీటరు

(కడపలో పెళ్ళి ఫొటోగ్రాఫర్లు, విద్యార్థుల కోసం ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు వచ్చిన పెద్దలందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగు నుంచి, రాజంపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన స్టూడియో మిత్రులకు, కాలేజీ పిల్లలకు నమస్కారం. పెళ్ళిళ్ళ కాలంలో ఒక ఆదివారం వదులుకోవడమంటే మన వృత్తిలో ఎంత నష్టమో నాకు తెలుసు. అందుకే ఉపోద్ఘాతం పెట్టుకోను, నేరుగా పనిలోకి పోదాం.

ఈ బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి ఉతికి మడత పెట్టిన తెల్ల పంచె. రెండోది మెరుగు పెట్టిన కడప నల్లబండ ముక్క, మన ఇళ్ళలో వంటగట్టుకు వేసేదే. కిటికీ వెలుతురు రెండింటి మీదా ఒకే తీరుగా పడుతోంది. బండ తళతళ మెరవకుండా కొంచెం ఏటవాలుగా ఆనించినాను.

ముందు వరుసలో నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు రా నాయనా. ఈ డీఎస్ఎల్‌ఆర్ కెమెరా తీసుకో, లోపల అద్దం ఉండే రకం ఇది. డయల్ 'ఏ' మీద ఉంది, అంటే అపెర్చరు మనం పెడతాం, షట్టరు స్పీడు కెమెరా చూసుకుంటుంది. క్యానన్ వాళ్ళకు అదే 'ఏవీ'. ఎఫ్/5.6, ఐఎస్ఓ 800 పెట్టినాను. ఎఫ్ అంటే లెన్సు రంధ్రం, అదే అపెర్చరు, ఎంత తెరిచిందో చెప్పే అంకె, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. ఐఎస్ఓ అంటే కెమెరా వెలుతురుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె. ఫ్రేమంతా పంచె తప్ప ఇంకేమీ కనపడనంత దగ్గరికి పో. నొక్కు. షట్టరు స్పీడు, అంటే వెలుతురు లోపలికి వచ్చే సమయం, ఎంత చూపిస్తోంది? గట్టిగా చెప్పు, వెనక వాళ్ళకు వినపడాల. 1/250, అంటే సెకనులో 250వ వంతు. మంచిది. ఇప్పుడు బండ మీదికి తిప్పు. ఇది కూడా ఫ్రేము నిండా రావాల. 1/15. చెయ్యి కదిలినా పర్వాలేదు, మనకు రంగు చాలు.

(తెర మీద రెండు ఫొటోలు పక్కపక్కన చూపించారు.)

వీటిలో పంచె ఏది, బండ ఏది? వెనక నుంచి ఎవరైనా చెప్పండి. చెప్పలేకపోతున్నారు కదా. రెండూ బూడిద రంగే. గది మారలేదు, కిటికీ మారలేదు, మన కళ్ళకు పాలలాంటి తెలుపూ కాటుకలాంటి నలుపూ విడివిడిగా కనిపిస్తూనే ఉన్నాయి. కెమెరా మాత్రం రెండింటినీ ఒక్కటి చేసేసింది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు ఫొటోల్లోనే ఉంది.

కెమెరాలో వెలుతురు కొలిచేది మీటరు. దానికి తెలుపు, నలుపు తెలియవు. తన మీద పడిన వెలుతురు ఎంతో అదొక్కటే తెలుసు. త్రాసులో బియ్యం పోసినా బెల్లం పెట్టినా దానికి బరువే పడుతుంది కదా, ఇదీ అంతే. దృశ్యాలన్నీ కలిపి సగటున తమ మీద పడిన వెలుతురులో 18 శాతం దాకా తిప్పి పంపుతాయనే లెక్క మీద మీటరును తయారు చేస్తారు. కంపెనీని బట్టి ఆ అంకె ఇంకొంచెం కిందికి కూడా ఉంటుంది. ఏదైనా సరే, కనపడినదాన్నంతా ఆ నడిమి బూడిద రంగు దగ్గరికి లాక్కొచ్చి నిలబెట్టడం దాని పని. పంచె వెలుతురు ఎక్కువగా తిప్పి పంపింది కాబట్టి 'ఇంత వద్దు' అని తగ్గించింది. బండ తక్కువ పంపింది కాబట్టి 'ఇది చాలదు' అని పెంచింది. 1/250కి 1/15కి నడుమ నాలుగు స్టాపుల తేడా. స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడమో, సగం కావడమో. నాలుగు స్టాపులంటే పదహారు రెట్లు. తమ్ముడు తప్పు చేయలేదు, కెమెరా కూడా చెడిపోలేదు. దానికి చెప్పవలసిన మాట మనం చెప్పలేదు.

ఆ మాట చెప్పే బటను మీ అందరి కెమెరాల్లోనూ ఉంది. ప్లస్ మైనస్ గుర్తుతో ఉంటుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. నికాన్ అయితే షట్టరు బటను పక్కనే. అది నొక్కి పట్టుకొని చక్రం తిప్పాల. మధ్యస్థాయి క్యానన్ బాడీల్లో వెనక పెద్ద చక్రం తిప్పితే చాలు. చిన్న క్యానన్‌లో 'ఏవీ' అని రాసిన బటను నొక్కి ముందు చక్రం తిప్పాల. తమ్ముడూ, ఇప్పుడు పంచెకు +1.7 పెట్టి తియ్యి. బండకు మైనస్ 2 పెట్టి తియ్యి.

(తెర మీద కొత్త ఫొటోలు.)

ఇదీ పంచె. తెల్లగా ఉంది, మడత దగ్గర నీడ ఉంది, నేత పోగులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఇదీ మన బండ. నల్లగా, ఆ చివర సన్న గీత వంటి చారతో సహా. ప్లస్ 2 పూర్తిగా పెట్టకుండా 1.7 దగ్గర ఎందుకు ఆపినానంటే, ఇంకా పైకి పోతే నేత పోగులు కరిగిపోయి ఒట్టి తెల్ల కాగితం మిగులుతుంది. తెలుపులో పోయిన వివరం ఏ ఎడిటింగులోనూ తిరిగిరాదు. నలుపులో దాగినది కొంతవరకు పైకి తేవచ్చు. ఈ రెంటి నడుమ తేడా పెళ్ళి ఫొటోగ్రాఫరుకు ప్రాణం. ఇంకో సంగతి, పని అయిపోగానే బటనును సున్నాకు తెచ్చుకోండి. చాలా బాడీల్లో కెమెరా ఆపి మళ్ళీ వేసినా పెట్టిన అంకె అట్లనే నిలిచి ఉంటుంది.

ఇప్పుడు లెన్సు తీస్తాను, లోపల చూడండి. ఈ అద్దం 45 డిగ్రీల వాలులో ఉంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురు దీనికి తగిలి పైకి పోతుంది, అక్కడ గరుకు తెర మీద బొమ్మగా పడుతుంది. ఆ బొమ్మను పెంటాప్రిజం తిన్నగా తిప్పి మన కంటికి అందిస్తుంది. చిన్న బాడీల్లో గాజు ప్రిజం బదులు అద్దాలే ఉంటాయి, అందుకే వాటి వ్యూఫైండరు కొంచెం మసకగా కనిపిస్తుంది. పెద్ద అద్దం నడుమ వెలుతురు కొంత దాటిపోతుంది. దాని వెనకున్న బుల్లి అద్దం ఆ వెలుతురును అడుగుకు పంపుతుంది. ఫోకసు కొలిచే సెన్సారు అక్కడుంది. బటను నొక్కితే అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకుంటుంది, అద్దం మళ్ళీ దిగుతుంది. అద్దం తనంతట తానే వెంటనే దిగే ఏర్పాటు 1954లో జపాన్‌లో అసాహిఫ్లెక్స్‌తో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు అద్దం ఉన్న చాలా ఫిల్ము ఎస్ఎల్‌ఆర్‌లలో ఫొటో తీయగానే వ్యూఫైండరు చీకటైపోయేది, ఫిల్ము తిప్పితే గాని బొమ్మ తిరిగి కనపడేది కాదు. ఫిల్ము బదులు డిజిటల్ సెన్సారు వచ్చినా ఈ అద్దం ఏర్పాటు ఇట్లనే నిలిచింది. 1991లో కొడాక్ వాళ్ళు నికాన్ ఎఫ్3 బాడీకే సెన్సారు తగిలించి అమ్మినారు. 1999లో నికాన్ డీ1, 2003లో క్యానన్ 300డీ వచ్చి ధరను మనలాంటి వాళ్ళ దగ్గరికి దించినాయి.

మీటరు ఎక్కడుందో చెప్పలేదు కదా? పైన, ప్రిజం దగ్గర. గరుకు తెర మీద పడిన బొమ్మనే అది కూడా చూస్తుంది. దీనివల్ల వచ్చే ఇబ్బంది ఒకటి చాలామందికి తట్టదు. గండికోటలో ట్రైపాడు మీద కెమెరా పెట్టి, రిమోటు పట్టుకొని పక్కకు నిలబడతాం. ఎండ వెనక నుంచి పడుతుంటుంది. వ్యూఫైండరు మీద కన్ను లేదు కాబట్టి ఆ ఎండ ఐపీసులోంచి లోపలికి దూరి మీటరు మీద పడుతుంది. మీటరు అదంతా దృశ్యం వెలుతురే అనుకొని తగ్గిస్తుంది. ఫొటో నల్లబడుతుంది. క్యానన్ స్ట్రాపుకు చిన్న రబ్బరు మూత తగిలించి ఉంటుంది, చాలామంది అదేందో తెలియక కోసి పారేస్తారు. అది ఐపీసు మూసేందుకే. పెద్ద నికాన్ బాడీల్లో ఐపీసు పక్కన చిన్న మీట ఉంటుంది, తిప్పితే లోపల తలుపు పడుతుంది. ఏదీ లేకపోతే టోపీ అడ్డం పెట్టండి, చాలు.

అద్దం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో ఫొటో ఎట్ల వస్తుందో నొక్కకముందే తెర మీద కనిపిస్తుంది. పంచె బూడిద రంగుకు తిరిగితే అక్కడే తెలిసిపోతుంది. డీఎస్ఎల్‌ఆర్ వ్యూఫైండరులో మనం చూసేది అసలైన వెలుతురు, అసలైన పంచె. ఫొటో ఎట్ల వస్తుందో అది చెప్పదు. ఆ లెక్క మన తలలో జరగాల. దీన్ని లోపం అని కొందరంటారు. నాకు మాత్రం నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి గురువు లేదనిపిస్తుంది. ఈ కెమెరా మీద వెలుతురు చదవడం వచ్చినవాడికి ఏ కెమెరా ఇచ్చినా పని ఆగదు.

మీటరు కొలిచే పద్ధతులు మూడు నాలుగున్నాయి. ఫ్రేమును గళ్ళుగా చేసి ఒక్కో గడినీ విడిగా కొలిచి లెక్కగట్టే పద్ధతిని నికాన్ మ్యాట్రిక్స్ అంటుంది, క్యానన్ ఇవాల్యుయేటివ్ అంటుంది. 1983లో నికాన్ ఎఫ్ఏ ఐదు గళ్ళతో దీన్ని మొదలుపెట్టింది, 1996లో ఎఫ్5 వచ్చేసరికి 1,005 పిక్సెళ్ళతో రంగులు కూడా చూడడం మొదలైంది. మామూలు పనికి ఇదే మేలు. సెంటర్ వెయిటెడ్ నడిమి భాగానికి విలువ ఎక్కువ ఇస్తుంది. స్పాట్ ఒక చిన్న చుక్కంత మేరనే చూస్తుంది. ఇక్కడ రెండు కంపెనీలు వాడేవాళ్ళు ఒక తేడా గుర్తుపెట్టుకోవాల. నికాన్‌లో స్పాటు మీరు ఎంచుకున్న ఫోకస్ పాయింటు వెంట పోతుంది. క్యానన్‌లో చాలా బాడీల్లో ఫ్రేము నట్టనడుమే ఉంటుంది. పెళ్ళికూతురి ముఖం పక్కకు పెట్టి అక్కడ ఫోకస్ చేస్తే, మీటరు ఆమె ముఖం వదిలేసి నడుమనున్న పురోహితుడి పంచెను కొలుస్తుంటుంది. అట్లాంటప్పుడు ముందు ముఖం మీద నడిమి చుక్క పెట్టి, నక్షత్రం గుర్తున్న బటను నొక్కి లాక్ చేసి, తర్వాత ఫ్రేము సర్దుకోండి.

పెళ్ళి దగ్గరికే వచ్చినాం కాబట్టి మీకు రోజూ ఎదురయ్యేవి చెప్తా. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. తలంబ్రాలు గాలిలో గింజ గింజగా నిలవాలంటే 1/500, అంతకంటే పైన కావాల. మండపంలో ఆ వెలుతురు ఉండదు. ఎఫ్/2.8 లెన్సు ఉంటే తెరుస్తాం, ఆ పైన ఐఎస్ఓ పెంచుతాం. ఎఫ్/1.8 ఉన్న 50 ఎంఎం లెన్సు ధరకు అందేదే, అది మీ సంచీలో ఉండాల. అపెర్చరు తెరిస్తే వరుడి కన్ను ఫోకసులో ఉండి వధువు కన్ను మసకబారుతుంది. షట్టరు తగ్గిస్తే చేతులు సాగిపోతాయి. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో ఇసుక చల్లినట్టు నాయిస్ కనిపిస్తుంది. ఈ మూడింటిలో ఏ నష్టం మొయ్యాలో ఆ క్షణానికి మనం ఎంచుకోవాల. తలంబ్రాలకు నేనైతే నాయిస్‌ను ఒప్పుకుంటాను. నాయిస్ ఉన్న ఫొటోను ఇంట్లో వాళ్ళు ఆల్బమ్‌లో పెట్టుకుంటారు. ముఖాలు సాగిన ఫొటోను పెట్టుకోరు.

ఎర్ర ధర్మవరం పట్టుచీర గురించి ప్రత్యేకంగా చెప్పాల. ఫొటో తీసి వెనక తెర మీద హిస్టోగ్రాం, అంటే నలుపు నుంచి తెలుపు దాకా వెలుతురు పంపకం చూపే గీత, చూసుకుంటారు, కుడివైపు, అంటే తెలుపు చివర, గోడకు తగల్లేదు, బాగుందనుకుంటారు. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే చీర ఒట్టి ఎర్ర ముద్ద. బుటా లేదు, నేత లేదు. ఏం జరిగిందంటే, మీరు చూసింది మూడు రంగులూ కలిపిన గీత. అందులో ఆకుపచ్చ, నీలం తక్కువగా ఉండి మొత్తం గీత సర్దుకుంది, ఎరుపు ఒక్కటే గోడ దాటిపోయింది. మెనూలో ఆర్‌జీబీ హిస్టోగ్రాం పెట్టుకోండి. ఎరుపు గీత విడిగా కనిపిస్తుంది. అది గోడకు ఆనుతుంటే మైనస్ 0.7 కో, మైనస్ 1 కో దించండి. అట్లనే రా ఫైలు, అంటే సెన్సారు పట్టిన వివరం అట్లనే ఉంచే ఫైలు, తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. 14 బిట్ల రాలో 16,384. చీర మడతలో రంగు మెట్టు మెట్టుగా దిగాలంటే ఆ మెట్లు కావాల. ఆ చీర నేసినవాళ్ళు ఒక్కో పోగూ ఎంచి ఎంచి వేసింటారు. దాన్ని ముద్ద చేసి చూపించే హక్కు మనకు లేదు.

ఫ్లాష్ ఒక్క మాటలో ముగిస్తా. షట్టరులో రెండు తెరలుంటాయి. మొదటిది తెరుస్తుంది, రెండోది మూస్తుంది. 1/200, కొన్నిట్లో 1/250 దాకా రెండింటి నడుమ సెన్సారు పూర్తిగా బయటపడే క్షణం ఉంటుంది. అంతకంటే వేగం పెంచితే సన్న చీలిక మాత్రమే జారిపోతుంది, ఫ్లాషు ఆ చీలిక మీదే పడి ఫొటోలో నల్ల పట్టీ వస్తుంది. చవక ట్రిగ్గర్లు వాడేవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఇంక ట్యూబులైట్లు, ఎల్ఈడీలు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు, అంటే చాలా దీపాలు 100 సార్లు వెలుగుతూ తగ్గుతుంటాయి. 1/50 లేదా 1/100 పెడితే ఆ వెలుగు మొత్తం సమంగా అందుతుంది. 1/500లో ఒక ఫొటో పచ్చగా, ఒకటి చీకటిగా వస్తే కెమెరాను తిట్టొద్దు. క్యానన్ 7డీ మార్క్ 2 నుంచి, అంటే 2014 నుంచి, ఆ వెలుగు ఎక్కువైన క్షణం చూసి తీసే యాంటీ ఫ్లిక్కర్ వచ్చింది. మీ బాడీలో ఉంటే మెనూలో వెతికి వేసుకోండి.

ప్లస్ మైనస్ విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం తొలగించాల. తెలుపుకు ప్లస్, నలుపుకు మైనస్ అని కంఠతా పెట్టేస్తారు. చిలమత్తూరు దగ్గర వీరాపురం ఉంది కదా, అనంతపురం నుంచి వచ్చిన వాళ్ళకు తెలిసిందే, ఊళ్ళో చెట్ల మీదే పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్ళు కడతాయి, ఊరివాళ్ళు వాటిని సొంత బిడ్డల్లాగా చూసుకుంటారు. తెల్ల పక్షి కదా అని ప్లస్ పెట్టి తీస్తే ఈక ఒక్కటీ కనపడకుండా పోతుంది. ఎందుకు? పక్షి ఫ్రేములో పిడికెడే. మిగతాదంతా నీడపట్టున ఉన్న ఆకులు. మీటరు ఆ నల్లటి ఆకులను చూసి ముందే పెంచేసింది. అక్కడ పెట్టవలసింది మైనస్ 1. అదే పక్షి తెల్ల మబ్బుల మీద ఎగిరితే ప్లస్ 1.3. పక్షి రంగును కాదు చూడాల్సింది, ఫ్రేములో ఎక్కువ చోటు దేనిదో చూడాల.

ఒంటిమిట్ట కల్యాణానికి పోయేవాళ్ళు కూడా ఇదే లెక్క వేసుకోవాల. రాములవారి కల్యాణం అక్కడ రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది. చంద్రుణ్ణి తీస్తే తెల్ల బిళ్ళ వస్తుందని అందరూ బాధపడతారు. చంద్రుడు చీకట్లో ఉన్న వస్తువు కాదు. ఎండలో ఉన్న రాయి. ఐఎస్ఓ 100, ఎఫ్/11, 1/100 పెట్టండి, మచ్చలతో సహా వస్తాడు. మీటరు చుట్టూ ఉన్న నల్ల ఆకాశాన్ని నమ్మి ఆయన్ను కాల్చేస్తుంది కాబట్టి 'ఎమ్', అంటే మాన్యువల్ మోడులో అంకెలు మనమే పెట్టాల. గోపురం, చంద్రుడు ఒకే ఫ్రేములో కావాలంటే పూర్తి రాత్రి దాకా ఆగకండి. చతుర్దశి నాడు సూర్యుడు కుంకకముందే చంద్రుడు తూర్పున పైకి వచ్చి ఉంటాడు. పొద్దుకుంకిన కాసేపటికి ఆకాశం ముదురు నీలంగా ఉన్నప్పుడు రెండింటి వెలుతురూ దగ్గరపడుతుంది. దొరికేది కొద్ది నిమిషాలే.

తెలుపు తెల్లగా కనపడేట్టు రంగు సర్దే వైట్ బ్యాలెన్స్ కూడా ఆటోలో ఉంటే సగటు లెక్కే వేస్తుంది. నలుగు పెట్టేటప్పుడు ఫ్రేమంతా పసుపు కనపడితే ఆటో దాన్ని దీపం రంగనుకొని నీలం కలుపుతుంది, పసుపు పాలిపోతుంది. ఆరుబయట ఎండలో అయితే వెలుతురు రంగు చెప్పే అంకెను 5,500 కెల్విన్ దగ్గర పెట్టి వదిలేయండి.

ఇప్పుడు ప్రశ్నలు. ఆ చివర అమ్మాయి, అడుగు తల్లీ.

(ప్రశ్న: ఎమ్ మోడులో ప్లస్ మైనస్ బటను పని చేస్తుందా సార్?)

మంచి ప్రశ్న. ఐఎస్ఓ కూడా నువ్వే పెట్టి ఉంచితే ఆ బటను ఫొటోను మార్చదు. చిన్న నికాన్ బాడీల్లో 'ఎమ్'లో అదే బటను అపెర్చరు మార్చే పనికి పోతుంది. ఆటో ఐఎస్ఓ వేసుకుంటే మాత్రం నికాన్‌లో పని చేస్తుంది. క్యానన్‌లో కొన్ని బాడీల్లోనే. తలంబ్రాలకు నేను చేసేది అదే. షట్టరు 1/500, ఎఫ్/2.8 నా చేతిలో, ఐఎస్ఓ ఆటో, బొటనవేలు ప్లస్ మైనస్ మీద.

(ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్‌ఆర్ కొనేటప్పుడు ఏం చూడాల అన్నా?)

షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడుగు తమ్ముడూ. చిన్న బాడీలకు 1,00,000 సార్లు, మధ్యవాటికి 1,50,000 సార్లు అని కంపెనీలు చెప్తాయి. అది దాటినా నడిచేవి ఉంటాయి, ధర మాత్రం తగ్గించి అడుగు. ఎఫ్/16 పెట్టి ఒట్టి ఆకాశాన్ని తీసి చూడు, నల్ల చుక్కలుంటే సెన్సారు మీద దుమ్మున్నట్టు. తుడిస్తే పోయేదయితే పర్వాలేదు, గీత అయితే వదిలెయ్. లెన్సులో టార్చి వేసి సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడు. కడాన, నీ దగ్గరున్న కెమెరా, ఆ కెమెరా రెండూ ఒకే సున్నం గోడకు గురిపెట్టి ఒకే ఎఫ్, ఒకే ఐఎస్ఓ పెట్టి షట్టరు అంకెలు పోల్చు. పావు, అర స్టాపు తేడా ఉంటే సర్దుకోవచ్చు. ఒకటిన్నర, రెండు స్టాపులు తేడా వస్తే ఆ బాడీ కొనొద్దు.